పొయ్యి వెలిగించని పాయసం

(నూజివీడు దగ్గర ఒక పల్లెలో, సాయంత్రం తరగతిలో చదువుకుంటున్న స్త్రీలతో మాట్లాడిన మాటలు)



ఈ రోజు పలకలు పక్కన పెట్టండి. పుస్తకం తర్వాత తీద్దాం. ముందు ఈ రెండు గిన్నెలు చూడండి.

ఒక గిన్నెలో ఆరు పెద్ద చెంచాల గింజలు పోస్తున్నాను. ఇవి చియా గింజలు. రెండో గిన్నెలో రెండు చెంచాలు సబ్జా గింజలు. రెండిట్లోనూ కాచి చల్లార్చిన నీళ్ళు పోస్తున్నాను. చియా గిన్నెలో మూడు గ్లాసులు, సబ్జా గిన్నెలో రెండు గ్లాసులు. చెంచాతో కలిపాను. మూత పెట్టాను. గోడమీద గడియారం చూసి టైమెంతో చెప్పండి. ఆరు గంటల పది నిమిషాలు. అవును. ఆరూ పదిహేనుకి నాకు గుర్తు చెయ్యండి. ఇంకోసారి కలపాలి.

మీకు వంట గురించి నేను చెప్పటం తాతకు దగ్గులు నేర్పినట్టే. నా వయసు మీ పెద్ద పిల్లల వయసు. టీచరు ట్రైనింగులో మాకు పాఠం చెప్పటం నేర్పారు గానీ పప్పు ఉడకబెట్టటం నేర్పలేదు. మరి ఎందుకు చెప్తున్నాను? రెండు కారణాలున్నాయి.

మొదటిది ఎండ. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మీరు తెల్లవారుజామునే మామిడితోటలకు పోతున్నారు. కాయలు ఏరి, సొన కారనిచ్చి, పెట్టెల్లో సర్ది, పన్నెండు దాటాక ఇంటికొస్తున్నారు. అప్పుడు రేకుల కింద పొయ్యి ముందు కూర్చోవాలంటే ఎవరికి ప్రాణం ఒప్పుతుంది? ఓ గ్లాసు టీ తాగి పడుకుంటున్నామని మీరే చెప్పారు. పిల్లలకు పొద్దుటి అన్నం పెట్టి, మీరు మాత్రం టీతో సరిపెట్టుకుంటున్నారు. అది నాకు నచ్చలేదు. చద్దన్నం, మజ్జిగ ఉంటే అంతకన్నా మంచిది లేదు. అవి లేని రోజున పొయ్యి వెలిగించకుండా ఏం తినొచ్చు అని ఆలోచించాను.

రెండో కారణం ఈ పొట్లం. మన తరగతిలో ఒకక్క ఉన్నారు. పేరు చెప్పను, ఆవిడే నవ్వుతున్నారు చూడండి. ఆవిడ కూతురు హైదరాబాదులో పని చేస్తోంది. అమ్మ నీరసంగా ఉందని ఈ పొట్లం పంపింది. అక్క దాన్ని నా దగ్గరికి తెచ్చి, "టీచరుగారూ, ఆర్నెల్లు కష్టపడి అక్షరాలు నేర్చుకున్నాను. దీనిమీద ఒక్క ముక్క కూడా చదవలేకపోతున్నాను" అన్నారు. మొహం చిన్నబోయింది.

పొట్లం తిప్పి చూశాను. తప్పు అక్కది కాదు. దానిమీద అంతా ఇంగ్లీషే. మన దేశంలో తినే సరుకుల పొట్లాలమీద వివరాలు ఇంగ్లీషులోగానీ హిందీలోగానీ ఉంటే చాలు. తెలుగులో కూడా రాయొచ్చు, కానీ రాసి తీరాలని లేదు. తెలుగువాళ్ళు కొనే సరుకుమీద తెలుగు ఎందుకుండకూడదో నాకైతే అర్థం కాదు.

కానీ అక్కా, ఒక్క ముక్క కూడా చదవలేననటం మాత్రం నిజం కాదు. అంకెలు ఏ పొట్లంమీదైనా అంకెలే. ఇదిగో, అందరూ చేతులు మారుస్తూ చూడండి. 250 అని ఉందా? అది బరువు, గ్రాముల్లో. రూపాయి గుర్తు పక్కనున్న అంకె ధర. చుక్కలో గీతలో పెట్టి రాసినవి తేదీలు, ముందు రోజు, తర్వాత నెల, తర్వాత సంవత్సరం. కొన్నిటిమీద నెల, సంవత్సరమే ఉంటాయి. మొదటి తేదీ తయారుచేసింది. రెండోది, ఎప్పటిలోగా వాడాలో చెప్పేది. రెండో తేదీ దాటిపోతే ఆ పొట్లం తీసుకోవద్దు. ఆకుపచ్చ చుక్క శాకాహారం గుర్తు. ఇంకోచోట పొడుగ్గా 14 అంకెలున్నాయి. అది ప్రభుత్వం ఇచ్చే ఆహార లైసెన్సు నంబరు. లెక్కపెట్టండి, పద్నాలుగు ఉన్నాయా?

ఒక లెక్క చెప్తాను. కొట్లో 100 గ్రాముల పొట్లం 80 రూపాయలనుకోండి. 250 గ్రాముల పొట్లం 150 రూపాయలనుకోండి. ఏది చవక? 250 గ్రాములంటే 100 గ్రాములు రెండున్నర సార్లు. 80ని రెండున్నర సార్లు వేస్తే 200. పెద్ద పొట్లంలో 50 రూపాయలు మిగిలాయి. అయితే మిగిలిందని పెద్దది కొని, పురుగు పట్టించి పారేస్తే ఆ మిగులు కూడా పోయినట్టే. ఇంట్లో ఎంత తింటారో చూసి కొనండి.

ఆరూ పదిహేను అయిందా? మంచిది, గుర్తు చేశారు. కలుపుతున్నాను. ఎందుకంటే మొదట్లో కలపకపోతే చియా గింజలు అడుగున ముద్ద కట్టేస్తాయి. పైన తడి, లోపల పొడిగా ఉండిపోతాయి. అయిదు నిమిషాల్లో రెండుసార్లు కలిపితే ఇక భయం లేదు.

ఇప్పుడు పొడి గింజలు అరచేతిలో వేసుకుని చూడండి. సబ్జా మీకు తెలుసు. సుగంధి షర్బతులో, ఎండాకాలం నిమ్మకాయ నీళ్ళలో వేస్తాం. కటిక నలుపు, ఒకవైపు కాస్త కోసుగా ఉంటుంది. చియా అలా కాదు. గుండ్రంగా, నున్నగా, బూడిదరంగుమీద మచ్చలతో ఉంటుంది. మధ్యలో తెల్ల గింజలు కూడా కలుస్తాయి. ఒకటి అడిగితే ఇంకోటి ఇచ్చే కొట్లు ఉన్నాయి. ధరలో తేడా ఉంటుంది కాబట్టి గింజ చూసి కొనాలి.

రెండూ తులసి కుటుంబం మొక్కలే. సబ్జా మన పెరట్లో పెరిగే రుద్రజడ గింజ. చియా పుట్టిల్లు మాత్రం సముద్రాల అవతల, మెక్సికో, గ్వాటెమాలా దేశాలు. అక్కడ పూర్వం అజ్టెకులనే వాళ్ళు రాజ్యం చేశారు. వాళ్ళ రాజుకు కింది ఊళ్ళవాళ్ళు కప్పం కట్టేటప్పుడు మొక్కజొన్నతో, చిక్కుడు గింజలతో పాటు చియా గింజలు కూడా కొలిచేవాళ్ళు. 1521లో స్పెయిన్ వాళ్ళు ఆ రాజ్యాన్ని గెలిచారు. చియా పంట వెనకబడింది. అయినా జనం మానలేదు. ఇప్పటికీ మెక్సికోలో నీళ్ళలో చియా నానేసి, నిమ్మరసం, పంచదార కలుపుకుని తాగుతారు. అచ్చం మన సబ్జా నీళ్ళలాగే.

ఆ దేశాల పంటంటే మనకేమీ కొత్త కాదులెండి. బొప్పాయి, అనాస, జామ, సీతాఫలం అన్నీ ఆ వైపు నుంచి వచ్చినవే. మిరపకాయ కూడా. మిరపకాయ రాకముందు ఆవకాయ ఎలా ఉండేదో ఊహించుకోండి! చియా ఆలస్యంగా వచ్చిన చుట్టం, అంతే. ఇప్పుడు మన దేశంలోనూ పండుతోంది. మైసూరులో ఉన్న కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థవాళ్ళు కర్ణాటక రైతులకు దీని సాగు నేర్పారు.

సబ్జా గిన్నె మూత తీయండక్కా. చూశారా, అప్పుడే ఒక్కో గింజ చుట్టూ తెల్లగా కప్ప గుడ్లలాగా ఉబ్బింది. పోలిక బాగోలేదు గానీ అలాగే ఉంది మరి! దానికి పది పదిహేను నిమిషాలు చాలు. చియాకు అరగంట పైన కావాలి. సబ్జా గింజలు విడివిడిగా తేలతాయి. చియా మాత్రం చిక్కబడి, గరిటెజారుగా ఒక్కటై నిలుస్తుంది. తన బరువుకు సుమారు పది రెట్లు నీళ్ళు పీల్చుకుంటుంది. అందుకే పట్నంలో దీన్ని పాలల్లో నానేసి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్నే పండ్లముక్కలు వేసుకుని తింటారు. చియా పుడ్డింగు అంటారు. మనం చల్లపాయసం అందాం.

ఈ పది రెట్ల సంగతి దగ్గర ఆగాలి. ఇది నేను సిగ్గుపడుతూ చెప్పే విషయం.

పోయిన ఏడాది మా అమ్మకు చియా మంచిదని ఎవరో చెప్పారు. నేను పొట్లం కొన్నాను. బడికి టైమవుతోంది. నానబెట్టే తీరిక లేదు. "చెంచాడు నోట్లో వేసుకుని నీళ్ళు తాగెయ్యమ్మా" అన్నాను. అమ్మ వేసుకుంది. గింజలు గొంతులో పట్టేశాయి. దగ్గు మొదలైంది. నీళ్ళు తాగేకొద్దీ అవి ఉబ్బుతున్నాయి. అమ్మ కళ్ళవెంట నీళ్ళు, మొహం ఎర్రబడింది. వంగోబెట్టి వీపుమీద చరిచాను. ఎంతకో గానీ కక్కలేదు. ఆ రోజు నేను బడికి పోలేదు. పొట్లంమీద నానబెట్టి తినాలని ఇంగ్లీషులో రాసే ఉంది. ఇంగ్లీషు చదవటం వచ్చినదాన్ని నేను. చదవనిదీ నేనే.

అమెరికాలో ఒకతనికి ఇంకా పెద్ద కష్టం వచ్చింది. అతను కూడా పొడి చియా మింగి నీళ్ళు తాగాడు. గింజలు ఆహారనాళంలో ఉబ్బి అడ్డం పడ్డాయి. ఆస్పత్రిలో గొట్టం వేసి ఆ అడ్డు తొలగించవలసి వచ్చింది. 2014లో అక్కడి డాక్టర్లు తమ సమావేశంలో ఈ సంగతి చెప్పారు. కాబట్టి పొడి చియాగానీ పొడి సబ్జాగానీ నోట్లో వేసుకోవద్దు. పిల్లలకు అందేచోట పొట్లం పెట్టొద్దు. పసిపిల్లలకు, మింగటం కష్టమైన ముసలివాళ్ళకు నానినవి కూడా పెట్టకండి.

ఇప్పుడు వంట. వంటంటే నవ్వుతున్నారు, పొయ్యే లేదు కదా అని. కానీ ఒక్కటి ఆలోచించండి. పొయ్యి ఏం చేస్తుంది? ఉడికిస్తుంది. ఇంకో పని కూడా చేస్తుంది. నీళ్ళలో, పాలల్లో, మన చేతుల్లో ఉన్న రోగాల పురుగుల్ని చంపుతుంది. పప్పులో పడ్డ మురికి చెయ్యిని ఆ మంట కాస్త క్షమిస్తుంది. ఈ చల్లపాయసంలో క్షమించేదెవరూ లేరు. అందుకని మంట చేసే పని మనమే ముందుగా చెయ్యాలి.

నీళ్ళు కాచి చల్లార్చినవే కావాలి. డబ్బా నీళ్ళు కొంటున్నాం కదా అంటారు. ఆ డబ్బాలో చెయ్యి పెట్టి గ్లాసు ముంచితే డబ్బా నీళ్ళు కూడా చెరువు నీళ్ళే. పొద్దున టీ పెట్టేటప్పుడే, అదే పొయ్యిమీద ఒక గిన్నె నీళ్ళు తెర్లించి మూతపెట్టి ఉంచుకోండి. గిన్నె, చెంచా, కత్తి, పీట సబ్బుతో కడగాలి. చేతులు సబ్బుతో కడగాలి. మామిడికాయ కడిగి, కాసేపు నీళ్ళలో ఉంచి, మళ్ళీ కడిగి కోయాలి. సొన తగిలితే మూతి పొక్కుతుందని మీకు చెప్పక్కరలేదు. తొందరగా పండించటానికి కార్బైడు పెడతారన్నదీ మీకు తెలుసు. అది చట్టం వద్దన్న పని. తోటలోనే ముగ్గిన కాయ మీకు దొరుకుతుంది, ఆ అదృష్టం పట్నంవాళ్ళకు లేదు.

మనలో చాలామందికి ఫ్రిజ్ లేదు. అందుకే పట్నం పద్ధతి మనకు పనికిరాదు. ఈ ఎండలో గింజల్ని పాలల్లో నానేసి గంటలకొద్దీ బయట పెడితే పాలు విరుగుతాయి, కడుపు చెడుతుంది. మనం గింజల్ని నీళ్ళలోనే నానేద్దాం. పాలో, పెరుగో తినబోయే ముందే కలుపుదాం. పొద్దున కాచిన పాలు మధ్యాహ్నానికి వాసన మారితే వద్దు. పులవని గడ్డపెరుగు మంచిది. కొబ్బరికాయ ఉంటే ఇంకా రుచి. అరచిప్ప తురిమి, గ్లాసు గోరువెచ్చటి నీళ్ళు పోసి, శుభ్రమైన గుడ్డలో పిండితే పాలు వస్తాయి. కొబ్బరిపాలు తీసిన వెంటనే వాడెయ్యాలి. అవి తొందరగా పులుస్తాయి.

కొలత చెప్తాను, రాసుకోండి. ఇద్దరికి రెండు పెద్ద చెంచాల చియా, ఒక గ్లాసు నీళ్ళు, అర గ్లాసు పెరుగో కొబ్బరిపాలో, ఒక మామిడిపండు, ఒక అరటిపండు. పండు తియ్యగా ఉంటే బెల్లం అక్కరలేదు. కావాలంటే బెల్లం తురుము కొద్ది నీళ్ళలో కరిగించి వడకట్టి పోయండి. వడకట్టాక గుడ్డలో మిగిలే ఇసుక చూస్తే ఎందుకు వడకట్టమన్నానో తెలుస్తుంది. చియా దొరకకపోయినా, ధర ఎక్కువనిపించినా సబ్జా వాడండి. అది చిక్కబడదు కాబట్టి అరటిపండు బాగా మెదిపి కలపండి. నిజం చెప్పాలంటే నాకు సబ్జాదే ఇష్టం. పంటికింద చిట్లుతూ ఉంటుంది.

ఏ మామిడి వాడాలి? బంగినపల్లి ముక్కలు కోయటానికి బాగుంటుంది. పీచుండదు. చిన్నరసం, పెద్దరసం అయితే ముక్కలు రావు, పిండి రసం కలపండి. ఆ రసంలో నానిన చియా వేస్తే అసలు బెల్లమూ వద్దు, పాలూ వద్దు. గాలికి రాలి దెబ్బతిన్న కాయ ఉంటుంది కదా, దెబ్బతిన్న మేర బాగా లోపలిదాకా తీసేసి మిగతాది వాడుకోవచ్చు. లోపల వాసన మారితే మొత్తం పారెయ్యండి. సపోటా బాగా కలుస్తుంది.

బొప్పాయి, అనాస దగ్గర మాత్రం జాగ్రత్త. మాంసం తొందరగా ఉడకాలని పచ్చి బొప్పాయి ముక్క వేస్తాం, అవునా? మాంసాన్ని మెత్తబరిచే ఆ గుణం పాలమీద కూడా పని చేస్తుంది. అనాసలోనూ అలాంటి గుణమే ఉంది. పాలల్లోనో పెరుగులోనో కలిపి ఉంచితే కాసేపటికి చేదెక్కుతుంది. ఉడికిస్తే ఆ గుణం పోతుంది, మనం ఉడికించటం లేదు. కాబట్టి ఆ రెండు పండ్లూ తినే ముందు పైన వేసుకుని వెంటనే తినెయ్యండి.

ఇది తింటే నీరసం పోతుందా, రక్తం పడుతుందా అని అక్క అడిగారు. ఉన్నదున్నట్టు చెప్తాను. చియాలో పీచు బాగా ఉంది, మలబద్ధకం ఉన్నవాళ్ళకు మంచిది. మంచి నూనె ఉంది, మాంసకృత్తులున్నాయి, ఇనుము ఉంది. ఎముకలకు కావలసిన కాల్షియం 100 గ్రాములకు దాదాపు 630 మిల్లీగ్రాములుంది. మన రాగుల్లో 350 దాకా ఉంటుంది. నువ్వుల్లో 1,200 పైనే. ఇప్పుడు చెప్పండి, రాగిసంకటి ఒక పూటకు ఎంత తింటాం? చియా ఎంత తింటాం? తలా ఒక చెంచా! కాబట్టి సంకటి మాని దీన్ని పట్టుకోవద్దు. నువ్వులుండ చేసే ఇంట్లో కాల్షియం కోసం చియా కొనాల్సిన పని లేదు.

రక్తం సంగతి ఇంకా ముఖ్యం. మన రాష్ట్రంలో 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తం తక్కువని తేలింది. ఈ గదిలో కూడా అలాగే ఉండొచ్చు. ఆశా కార్యకర్త ఇచ్చే ఇనుము మాత్రలు మింగాల్సిందే. ఏ పాయసమూ వాటికి బదులు కాదు. పండు తోడుంటే తిండిలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. మామిడి, జామ, బొప్పాయి అందుకు మంచివి. తిన్న వెంటనే టీ తాగితే మాత్రం ఆ ఇనుము సరిగా పట్టదు. టీ మానమంటే మీరు నన్నీ ఊళ్ళో ఉండనివ్వరు. ఒక గంట ఆగి తాగండి.

షుగరున్నవాళ్ళు మామిడి, బెల్లం తగ్గించండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ముందు డాక్టరునడగండి. కొత్తగా తినేవాళ్ళు ఒక చిన్న చెంచాతో మొదలుపెట్టండి, నీళ్ళు బాగా తాగండి. లేకపోతే కడుపుబ్బరం వస్తుంది. ఆ మర్నాడు నన్ను తిట్టుకుంటారు.

టైమెంత? ఆరూ యాభై. చియా మూత తీద్దాం. గిన్నె వంచి చూపిస్తాను, నీళ్ళు కారటం లేదు చూడండి. చెంచా పెడితే జిగురుగా లేస్తోంది. ఒక గింజ వేళ్ళతో నలిపి చూడండి. మధ్యలో గట్టిగా పొడి తగిలితే ఇంకా నానాలి. తగల్లేదు కదా? అయింది.

పెరుగు కలుపుతున్నాను. ఈ రసాలు పొద్దున మన పిన్నిగారి తోటలోవి, కడిగి పెట్టాను. అరటిపండ్లు ఎవరైనా మెదపండి. పొట్లం పంపిన అమ్మాయికి ఉత్తరం రాద్దామని అక్క అంటున్నారు. బాగుంది, రేపటి పాఠం అదే. ఈ కొలతలన్నీ ఆ ఉత్తరంలో అక్కే తన చేత్తో రాస్తారు. నేను గుణింతాలు మాత్రం చూస్తాను.

సబ్బు బయట కుళాయి దగ్గరుంది. ముందు చేతులు కడుక్కోండి. తర్వాత గ్లాసులు పట్టుకుని వరసలో రండి.